నేల తాకని స్తంభం

నిక్కో అనే ఊరిని నేను చూసింది ఒక్క రోజే. ఆ రోజు గురించి మా నాన్నకి నోరు విప్పి చెప్పడానికి మాత్రం నాకు చాలా నెలలు పట్టింది.

మాది రంగూన్‌లో ఇన్సేన్. రైల్వే వర్క్‌షాపు గోడకి ఇవతల సందులో మా ఇల్లు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ వర్క్‌షాపులో బొగ్గు మోశాడు. నాన్న అక్కడే పాటర్న్ షాపులో వడ్రంగి అయ్యాడు. ఆయన తర్వాత నేను చేరాను. ఇంజన్‌కి కావలసిన ఇనప ముక్క ఏదైనా పోత పోయాలంటే ముందు దాన్ని చెక్కతో చెయ్యాలి. ఆ చెక్క నమూనాని ఇసుకలో అదిమి, పైకి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చల్లారేటప్పుడు ఇనుము కుంచించుకుంటుంది. అందుకని నమూనాని అసలు కొలత కంటే రవ్వంత పెద్దదిగా చెయ్యాలి. ఆ రవ్వంత ఎంతో తెలియడమే మా విద్య. అది నాకు నాన్న నేర్పాడు.

ఎనభై ఏడులో మా దేశం తలుపులు బిగించుకుని కూర్చుంది. బయటివాళ్ళు వస్తే వారం తిరగకుండా వెళ్ళిపోవాలి. లోపలివాళ్ళు బయటికి వెళ్ళడం మా సందులో ఎవరూ ఎరగని సంగతి. అలాంటప్పుడు జపాన్‌లో ఆరు నెలల శిక్షణకి ఇద్దరిని పంపమని వర్క్‌షాపుకి కాగితం వచ్చింది. ఒకడు డీజిల్ మెకానిక్, బర్మా మనిషి. రెండో పేరు నాది కాదు. ఆ రెండో ఆయన ఎక్స్‌రేలో ఏదో మచ్చ కనిపించి ఆగిపోతే, మా సయాజీ, అంటే షాపు పెద్ద, నా పేరు రాశారు. ఇండియా మూలం ఉన్నవాడికి పాస్‌పోర్టు ఎలా ఇస్తారని పైవాళ్ళు అడిగారట. నా షాపులో ఈ పనికి ఇంకో చెయ్యి లేదు, మీ దగ్గరుంటే పంపండి అన్నారట ఆయన.

ఇంట్లో చెబితే నా భార్య సంతోషం పట్టలేక పొయ్యి మీద అన్నం మరిచిపోయింది. నాన్న వసారాలో కూర్చుని బాడిసకి పదును పెడుతున్నాడు. చెయ్యి ఆపలేదు.

"ఏ దేశమన్నావు?"

"జపాన్ నాన్నా."

"ఆల్ల దేశమా? మా అన్న సంగతి నీకు తెల్దేటి?"

తెలుసు. యుద్ధం రోజుల్లో రంగూన్ జపాన్ సైన్యం చేతిలో ఉన్నప్పుడు, సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ వైపు రైలు దారి వెయ్యడానికి కూలీలు కావాలని మా పెదనాన్నని బజారులోనే లారీ ఎక్కించారు. ఆయన మళ్ళీ రాలేదు. ఎక్కడ పోయాడో, ఏ నెలలో పోయాడో ఎవరూ చెప్పలేదు. అప్పుడు నాన్నకి ఇరవై ఏళ్ళు. వర్క్‌షాపులోనే పని. కొలత తప్పిందని ఒక జపాన్ అధికారి ఆయన చెంప మీద కొట్టాడు. నలభై ఏళ్ళు దాటినా, "ఆ కొలత తప్పు నాది కాదురా" అని నాన్న అప్పుడప్పుడూ అనేవాడు.

నేను వెళ్ళే రోజు ఆయన గుమ్మం దాకా వచ్చాడు. "పని సూసి రా. మనుసుల్ని సూడొద్దు," అన్నాడు.

అక్కడ మాకు పని నేర్పినాయన అరవైకి దగ్గర్లో ఉన్నాడు. పొట్టి మనిషి, చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు. అందరూ సెన్సే, అంటే గురువుగారు, అని పిలిచేవారు, మేమూ అలాగే పిలిచాం. మొదటి రోజు నా చేత చిత్రిక పట్టించి, రాలిన చెక్క పొరని తీసి కిటికీ అద్దానికి అతికించి, దానిలోంచి బయటి చెట్టును చూశాడు. మర్నాడు నా బల్లని తన బల్ల పక్కకి జరిపించాడు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు, నాకు వచ్చిన ఇంగ్లీషు కలిపితే ఒక మనిషికి చాలేంత అయ్యేది.

నవంబరు మొదట్లో ఒక ఆదివారం ఆయన మమ్మల్నిద్దరినీ నిక్కోకి తీసుకెళ్ళాడు. ఆయన తాత అక్కడి గుళ్ళకి మరమ్మతులు చేసిన వడ్రంగి. ఆయన బావమరిది ఇప్పటికీ అదే పనిలో ఉన్నాడు. "మీకు ఇంజన్లు చూపించారు. ఇప్పుడు మా చెక్కపని చూడండి," అన్నాడు.

రైలు రెండు గంటలు నడిచింది. మొదట మిద్దెలు, తర్వాత కోసేసిన వరిచేలు, ఆ తర్వాత కొండలు. కొండల రంగు చూసి నేను కిటికీకి అతుక్కుపోయాను. మా దేశంలో ఆకు రాలిందంటే ఎండి రాలడమే. ఇక్కడ ఆకులు రాలే ముందు ఎర్రబడుతున్నాయి, పసుపుగా మెరుస్తున్నాయి, ఒకే కొమ్మ మీద మూడు రంగులు. ఇంత అందంగా రాలిపోయే చెట్లున్నాయని నాకు తెలియదు. నా తోటి మెకానిక్ ముక్కు అద్దానికి ఆనించి, "ఆకో, ఇది ఎవరైనా పెయింట్ వేశారా?" అన్నాడు. బర్మా మాటలో ఆకో అంటే అన్న.

స్టేషన్ నుంచి నడుస్తూ వెళ్తే ఒక ఏరు, దాని మీద ఎర్ర లక్క పూసిన చెక్క వంతెన. కింద నీళ్ళు రాళ్ళ మీద పచ్చగా, నురగగా పరుగెడుతున్నాయి. ఆ వంతెన మీద పూర్వం రాజులకే నడిచే హక్కట. దాన్ని దాటిన తర్వాత దేవదారు చెట్లు మొదలయ్యాయి. ఆ చెట్ల కింద నిలబడినప్పుడు నాకు కలిగింది భయం కాదు గానీ, ఏదో పెద్దల ముందు నిలబడ్డట్టు మాట నెమ్మదించింది. ముగ్గురం చేతులు కలిపితే గాని ఒక మాను చుట్టూ అందదు. బెరడు నిలువు గీతలుగా తిన్నగా పైకి పోతుంది, వంకర లేదు. వడ్రంగి కన్ను పాడు కన్ను. నేను మనసులోనే ఒక్కో మానుకి ఎన్ని దూలాలొస్తాయో లెక్కేస్తున్నాను. సెన్సే నా మొహం చూసి నవ్వాడు. "మా తాత కూడా ఇలాగే చూసేవాడు. కానీ ఇవి కొట్టకూడదు. వీటిని నాటినవాడు వీటి నీడలో కూర్చోలేదు," అన్నాడు.

రాతి మెట్లెక్కి గుడి ప్రాంగణంలోకి వెళ్ళాం. ఎడమ పక్కన అయిదంతస్తుల గోపురం, ఎర్రగా, ప్రతి అంతస్తుకీ రెక్కలు చాచినట్టు చూరు. దాన్ని తర్వాత చూద్దామని ఆయన ముందుకి నడిపించాడు. ఒక చిన్న గుర్రపుశాల దగ్గర ఆగాం. అక్కడి కట్టడాలన్నిటికీ బంగారం, రంగులు ఉన్నాయి, దీనికి మాత్రం లేవు. వట్టి చెక్క. దాని నుదుటి మీద కోతుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. చెవులు మూసుకున్నది ఒకటి, నోరు మూసుకున్నది ఒకటి, కళ్ళు మూసుకున్నది ఒకటి. మెకానిక్ వాటిని చాలాసేపు చూసి, "మన ఊరి కోతులే," అన్నాడు బర్మా మాటలో. అని, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి ఎవరైనా విన్నారా అని చూశాడు. వెనక ఇద్దరు ముసలమ్మలు ఫోటో తీసుకుంటున్నారు. మా ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగడానికి కొంచెం సమయం పట్టింది.

లోపలి పెద్ద ద్వారం దగ్గర నేను నా జీవితంలో చూసిన గొప్ప పని చూశాను. ద్వారం అనకూడదు దాన్ని. డ్రాగన్లు, పువ్వులు, ఆడుకునే పిల్లలు, ముసలి పండితులు, వందల కొద్దీ బొమ్మలు, ఒకదాని భుజం మీద ఒకటి. దూరం నుంచి చూస్తే ఒక తేనెపట్టు. దగ్గరికెళితే ఒక్కో పిల్లవాడి మొహంలో ఒక్కో అల్లరి. పొద్దుగూకేదాకా చూసినా తనివి తీరదని దానికి పేరట. ఒక మూల ఉలి దెబ్బ ఎటునుంచి పడిందో కనిపించింది. మూడు వందల ఏళ్ళ కిందట ఒక మనిషి అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, ఉలిని కుడి చేత్తో, సుత్తిని ఎడమ చేత్తో పట్టుకుని చెక్కాడు. ఎడమ చేతివాటమని ఆ కోత చెబుతోంది. సెన్సేకి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి చూసి, నా వీపు మీద తట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు గోపురం దగ్గర ఆయన బావమరిది తాళంచెవితో నిలబడి ఉన్నాడు. చిన్న తలుపు తీసి మమ్మల్ని వంగి చూడమన్నాడు. లోపల చీకటి. నడిమధ్యన పెద్ద స్తంభం, పైనుంచి కిందికి, బంగారు పూతతో. బావమరిది టార్చి వెలుగు స్తంభం అడుగుకి కొట్టాడు. అడుగున రాయి, రాతిలో గుంట. స్తంభం కొస ఆ గుంటలో ఉంది గానీ రాతిని తాకడం లేదు. మధ్యలో బెత్తెడు ఖాళీ. టార్చి వెలుగు ఆ ఖాళీలోంచి అవతలికి పోయింది.

నేను పొరబడ్డానేమోనని నేల మీద పడుకుని చూశాను. నిజంగానే తాకడం లేదు. అంత బరువు స్తంభాన్ని పై అంతస్తు నుంచి ఇనప గొలుసుతో వేలాడదీశారట.

"ఎందుకు?" అన్నాను.

"నువ్వే చెప్పు. మీ దేశానికి వెళ్ళేలోగా చెప్పు," అన్నాడు సెన్సే.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో తిన్నాం. సోయా పాలు కాచి, పైన కట్టిన మీగడని పొరలు పొరలుగా తీసి వండుతారక్కడ. మెత్తగా, వేడిగా, నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. ఆయన నా గిన్నెలో ఇంకో ముక్క వేస్తూ మా ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. నాన్న గురించి చెప్పాను, ఆయనదీ ఇదే పని అని చెప్పాను. ఆయన సంతోషించాడు. "మీ నాన్నకి మా దేశం గురించి ఏం రాస్తున్నావు?" అన్నాడు.

అబద్ధం చెప్పవచ్చు. బల్ల కింద మెకానిక్ నా కాలు తొక్కాడు కూడా. కానీ అంత మర్యాద చేసిన మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పెదనాన్న సంగతి చెప్పాను. సయాం రైలు దారి, లారీ, తిరిగి రాకపోవడం, అన్నీ.

ఆయన తింటున్న పుల్లలు కింద పెట్టేశాడు. "అప్పుడు నాకు పదమూడేళ్ళు. మాకు ఎవరూ చెప్పలేదు," అన్నాడు. తర్వాత రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నాకు తల వంచాడు. నా కంటే ఇరవై ఏళ్ళు పెద్దాయన. నేను కంగారుగా లేచి నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియక నేనూ తల వంచాను.

ఆ తర్వాత బస్సెక్కి కొండ మీదికి వెళ్ళాం. దారంతా మెలికలు. ప్రతి మెలికకీ వాళ్ళ అక్షరమాలలో ఒక్కో అక్షరం పేరు పెట్టారు. బస్సులో ఉన్నవాళ్ళు మలుపు రాగానే ఆ అక్షరం గట్టిగా చదువుతున్నారు. మా చర్చి ఆదివారం బడిలో నేర్చుకున్న అ ఆ ఇ ఈ నాకు గుర్తొచ్చి, నేనూ మెల్లగా మలుపుకొకటి అన్నాను. ఋ దగ్గర తడబడ్డాను. పైన పెద్ద సరస్సు, ఆకాశమంత నిశ్శబ్దంగా ఉంది. ఆ సరస్సు నీళ్ళే కొండ అంచు దాటి ఒక్క దూకుతో లోయలో పడుతున్నాయి. కొండని తొలిచి లిఫ్టు పెట్టారు, దాంట్లో కిందికి దిగి జలపాతం మొహంలోకి చూశాం. నీళ్ళు పడుతున్నాయా, పొగ లేస్తోందా చెప్పలేం. తుంపర మొహాన కొడుతుంటే చలికి వణుకుతూ, నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. పక్కన సెన్సే కూడా మొదటిసారి చూస్తున్నవాడిలాగే చూస్తున్నాడు.

"భూకంపాల కోసం," అన్నాను, జవాబు దొరికిందనుకుని. "కింద కదిలినా స్తంభం ఊగుతుంది, విరగదు."

"అది సగం," అన్నాడాయన. మార్చిలో తిరుగు ప్రయాణమయ్యే రోజుకి కూడా మిగతా సగం నాకు దొరకలేదు. విమానాశ్రయంలో, "ఆలోచిస్తూ ఉండు. తొందరేం లేదు," అని పంపించాడు.

తిరిగొచ్చేసరికి రంగూన్ వేడెక్కి ఉంది. విద్యార్థుల గొడవలు మొదలయ్యాయి, కాలేజీలు మూసేశారు. పాస్‌పోర్టు విమానాశ్రయంలోనే తీసేసుకున్నారు. నాన్న నన్ను చూసి, "సిక్కిపోయినావు," అన్నాడు, అంతే. జపాన్ గురించి అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆగస్టులో అంతా ఆగిపోయింది. రైళ్ళు నిలిచిపోయాయి, వర్క్‌షాపు మూతపడింది. ప్రభుత్వం దిగిపోవాలంటూ మేమందరం బేనరు పట్టుకుని ఊరి నడిబొడ్డున ఉన్న చౌక్తడా దాకా నడిచాం. నా తోటి మెకానిక్ ముందు వరసలో నడిచాడు. జపాన్‌లో వెనక్కి తిరిగి చూసుకున్న మనిషి ఆ రోజు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. కాల్పులు జరిగాక మా సందు రెండు చివరలా వెదురు కంచెలు కట్టుకున్నాం. ఒక రోజు మా ఇన్సేన్ జైలు వైపు నుంచి నల్లటి పొగ లేచింది. నా భార్య పుట్టిల్లు ఊరి అవతలి కొసన తాకేటాలో. బస్సుల్లేవు, కబురు లేదు, వాళ్ళమ్మ ఎలా ఉందో మూడు వారాలు తెలియలేదు. రేడియోలో ఏది నిజమో తెలియదు. వాన ఆగదు. ఇంట్లోంచి కదలడానికి లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం, వసారాలో కూర్చుని ఊరికే ఉండలేక, నాన్న అడిగాడు. "ఆ దేశంలో ఏటి సూసినావు? పని సంగతి సెప్పు."

నేను నిక్కో గురించి చెప్పాను. దేవదార్లు, ఎడమ చేతి ఉలి దెబ్బ, గోపురం. స్తంభం దగ్గరికి రాగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నేల తాకదా?"

"తాకదు. బెత్తెడు ఎత్తున ఉంది. నేను పడుకుని చూశాను."

"అబద్దం. స్తంబమంటే నిలబడాల. ఏలాడితే అది స్తంబమెలాగవుద్ది? గంటవుద్ది."

నా భార్య లోపల్నుంచి, "సేసి సూడండి మావయ్యా, ఎలాగూ పన్నేదు," అంది.

ఇంటి వెనక వానలో నానుతున్న పాత పెట్టె చెక్కలున్నాయి. వాటినే కోశాం. నేను బొమ్మ గీశాను, ఆయన కళ్ళజోడు దారంతో కట్టుకుని కూర్చున్నాడు. రెండున్నర అడుగుల ఎత్తు, అయిదు అంతస్తులు. ఒక్క మేకు కొట్టనివ్వలేదు, అన్నీ గాడులు, బెజ్జాలే. దూలం మీద దూలం, చూరు మీద చూరు. రెండు మూడు వారాలు పట్టింది. బయట నినాదాలు వినిపించినప్పుడు ఆయన ఉలి ఆపి వినేవాడు, అవి దూరమయ్యాక మళ్ళీ మొదలుపెట్టేవాడు. స్తంభం దగ్గర మాత్రం నా మాట వినలేదు. నిలువు కర్ర ఒకటి తీసి, అడుగున పీటకి ఆనించి నిలబెట్టాడు. దాని నెత్తి మీద పై కప్పు కూర్చోబెట్టాడు. "ఇదీ స్తంబం," అన్నాడు.

పని జరుగుతుండగానే సందులోవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి చూడటం మొదలైంది. ఎదురింటి బర్మా ముసలమ్మ దాని ముందు మల్లెపూలు పెట్టి దండం పెట్టుకుంది. నాన్న ఆ పూలు తియ్యకుండానే పని చేసుకున్నాడు. మా పాస్టరయ్యగారు ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఏటయ్యా ఇది? బాప్టిస్టోల ఇంట్లో ఫయా ఏటి?" బర్మా మాటలో ఫయా అంటే బుద్ధుడి గోపురం, బుద్ధుడు కూడా.

"ఇది దేవుడు కాదయ్యగారూ, పని," అన్నాడు నాన్న.

అయ్యగారు చుట్టూ తిరిగి చూశారు. కిందికి వంగి చూరు కింద గాడులు చూశారు. "మంచి పనే," అని టీ తాగి వెళ్ళారు.

సెప్టెంబరులో సైన్యం వచ్చి వెదురు కంచెలు పీకించింది. ఇంటింటికీ సోదా. మా ఇంట్లోకి వచ్చిన సార్జంటు బాడిస, ఉలులు చూసి మొహం ముడిచాడు. తర్వాత గోపురం మీద చూపు పడింది. దగ్గరికి వెళ్ళి, వేలితో మెల్లగా పై అంతస్తుని కదిపాడు. అంతా ఒక్కసారి ఊగి నిలబడింది. "ఎవరు చేశారు?" అన్నాడు. నాన్న తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. సార్జంటు ఇంకోసారి కదిపి చూసి, "ఈ ఇనుము లోపల పెట్టుకో తాతా, కనపడనివ్వకు," అని వెళ్ళిపోయాడు.

వర్క్‌షాపు మళ్ళీ తెరిచారు. నా తోటి మెకానిక్ బల్ల ఖాళీగా ఉంది. సరిహద్దు వైపు వెళ్ళాడని ఒకరు, కాదని ఒకరు. ఈ రోజు వరకూ నాకు సరైన కబురు తెలియదు.

వానలు వెనకబట్టి, చలిగాలి మొదలైన నవంబరులో ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి నాన్న గోపురం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"ఒరే, బేగి రా. దీని నెత్తి లేసిపోయింది."

చూశాను. పై కప్పుకీ దాని కింది అంతస్తుకీ మధ్య వేలు దూరేంత సందు. చేసినప్పుడు అక్కడ గోరు కూడా దూరేది కాదు.

"ఎవలైనా లాగేసినారేటి?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "కాదు. ఉండు," అన్నాడు. కొలబద్ద తెచ్చి అంతస్తులన్నీ కొలిచాడు. స్తంభం కొలిచాడు. రెండోసారి కొలిచాడు. తర్వాత గోడకి చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

"కర్ర అడ్డంగా కుంచించుకుంటాది గాని నిలువునా కుంచించుకోదు కదరా! అంతస్తులన్నీ అడ్డ కర్రలు. తడారినాక అన్నీ కిందికి దిగినాయి. స్తంబం నిలువు కర్ర. అది దిగనేదు. అక్కడే నిలబడి కప్పుని నెత్తిమీద కెత్తీసింది. నిజం గోపురమైతే ఆ సందులోంచి వాన లోపలికి పోతాది, పదేళ్ళలో కుళ్ళిపోతాది. అందుకనే ఏలాడదీసినారు. గోపురం కిందికి దిగితే స్తంబం కూడా దాంతో పాటు దిగుతాది. ఆ అడుగున బెత్తెడు ఒగ్గింది దానికేరా!"

నేను సిగ్గుతో నేల మీద కూర్చున్నాను. ఇనుము ఎంత కుంచించుకుంటుందో లెక్కేసి బతికేవాణ్ణి నేను. జలపాతం ముందు నిలబడి భూకంపం అన్నాను. ఈయన ఆ ఊరు చూడలేదు, ఆ గోపురం చూడలేదు.

నాన్న ఆ రాత్రికి ఎలాగో ఆగి, మర్నాడు పొద్దున్నే స్తంభం తీసి, పాత దీపం గొలుసు ముక్కతో నాలుగో అంతస్తు నుంచి వేలాడదీశాడు. పై కప్పు మళ్ళీ దాని చోట్లో కూర్చుంది. "ఎవలో గాని," అన్నాడు చేతులు తుడుచుకుంటూ, "మంచి పనోడు." జపాన్ మనిషిని నాన్న మెచ్చుకోవడం నేను విన్నది అదే మొదటిసారి.

అప్పుడు చెప్పాను, హోటల్లో జరిగింది. పుల్లలు కింద పెట్టడం, తల వంచడం. నాన్న గొలుసును వేలితో ఊపాడు. "నీకు తల వంచినాడా?" అన్నాడు. "పెద్దోడు, సిన్నోడికి?"

"అవును నాన్నా."

సెన్సేకి ఉత్తరం రాశాను. మా నాన్న కనుక్కున్న జవాబు ఇదీ అని, పక్కన బొమ్మ గీశాను. చౌక్తడా పెద్ద పోస్టాఫీసులో గుమస్తా కవరు తెరిపించి, బొమ్మని తిప్పి తిప్పి చూసి, ఇదేం యంత్రమని అడిగాడు. ఫయా అని చెబితే అతికించనిచ్చాడు. ఉత్తరం చేరుతుందని నాకు నమ్మకం లేదు. తర్వాతి వానాకాలంలో, ఎవరో ముందే తెరిచి మళ్ళీ అతికించిన కవరులో జవాబొచ్చింది. పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరాలు. 'మీ నాన్న చెప్పింది నిజం. మా గురువు నాకు ఏడేళ్ళు పని చేశాక చెప్పాడు. మీ నాన్న చెక్క చేత చెప్పించుకున్నాడు. నా నమస్కారం ఆయనకి చెప్పు.'

చదివి వినిపించాను. నాన్న మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి చదివాక, "నువ్వు మళ్ళీ రాసినప్పుడు మా అన్న పేరు రాయి," అన్నాడు. "ఏటి సెయ్యమనీ కాదు. ఆల్ల ఊర్లో ఒకడికి తెలిసుంటే సాలు." రాశాను. పేరు, ఊరు, ఆయన చేసే పని. జవాబులో సెన్సే ఆ పేరుని తన అక్షరాల్లో ఎలా రాస్తారో రాసి పంపాడు. నాన్న ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకున్నాడు. నాలుగేళ్ళ తర్వాత ఆయన పోయినప్పుడు అది ఆయనతోనే పంపాం.

ఆ మధ్య కొన్ని సంవత్సరాలు సెన్సే కొత్త ఏడాదికి క్యాలెండరు పంపేవాడు. నెలకో బొమ్మ, అన్నీ నిక్కో కొండలే. నా భార్య దాన్ని వంటింట్లో తగిలించేది. సందులో ఆడవాళ్ళు నెల మారగానే చూడ్డానికి వచ్చేవారు. ఒక జనవరి పేజీలో దేవదార్ల మీద మంచు. వాళ్ళలో ఎవరూ మంచు చూసినవాళ్ళు కాదు.

"అది పడినప్పుడు సప్పుడొస్తాదేటండీ?" అని అడిగింది నా భార్య.

"రాదు," అన్నాను. "మా హాస్టల్ కిటికీలోంచి చూశాను. పొద్దున లేచేసరికి పడిపోయి ఉంటుంది."

"అన్ని సెట్ల మీదా పడినా రాదా?"

రాదని చెప్పాను. ఆమె చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఇంకాసేపు ఆ బొమ్మ ముందు నిలబడింది.